ఏడడుగుల పడవ చెప్పే చరిత్ర

ఇంగ్లండులో చలికాలం ఇంకా పోకముందే కొన్ని వేల కుటుంబాలు వేసవి ప్రయాణానికి లెక్కలు వేసుకోవడం మొదలుపెడతాయి. ఆ ప్రయాణం రైల్లో కాదు, కారులో కాదు. ఏడడుగుల వెడల్పు, యాభై అరవై అడుగుల పొడవు ఉండే సన్నటి పడవలో. దాన్ని అక్కడివాళ్లు న్యారోబోటు అంటారు. వంట, పడక, స్నానం అన్నీ అందులోనే. గంటకు ఆరేడు కిలోమీటర్లకు మించి పోదు. దారి పొడవునా రెండు వందల ఏళ్లనాటి కాలువలు, మధ్యమధ్య నదులు, లాకులు, సొరంగాలు. వారం పది రోజులు అలా నీటి మీద తిరిగి రావడం వాళ్లకు పెద్ద ముచ్చట.

ఎక్కడో ఇంగ్లండు కాలువల ముచ్చట మన ఆదివాసీ రచయితల సంకలనంలో ఎందుకని అడగవచ్చు. ఈ రోజు సెలవుల కోసం అద్దెకు తీసుకుంటున్న ఆ పడవ, వందేళ్ల కిందట కొన్ని వేల కుటుంబాలకు ఇల్లు, పని, లోకం. వాళ్ల పిల్లలకు బడి లేదు. వాళ్ల గురించి రాసినవాళ్లలో ఎక్కువమంది బయటివాళ్లే. ఒకరు జాలిపడి రాశారు, ఒకరు చీదరించుకొని రాశారు, ఒకరు ముచ్చటపడి రాశారు. పని పోయాక వాళ్లు గట్టెక్కి ఊళ్లలో కలిసిపోయారు. పడవ మాత్రం విహారానికి మిగిలింది. నది ఒడ్డున బతుకుతున్న మనం, మన ఒడ్డుకు విహారయాత్రల లాంచీలు వస్తున్న ఈ కాలంలో, ఈ కథ తెలుసుకోవాలి. ముఖ్యంగా మన యువకులు, మన ఉపాధ్యాయులు.

ఏడడుగుల కొలత ఎక్కడిది?

వర్స్‌లీ అనే చోట బొగ్గు గనులున్న బ్రిడ్జ్‌వాటర్ డ్యూక్, తన బొగ్గును మాంచెస్టరుకు చేర్చడానికి కాలువ తవ్వించాడు. అది 1761లో మొదలైంది. పనిలో ముఖ్యుడు జేమ్స్ బ్రిండ్లీ. ఆయన కాలేజీలో చదివిన ఇంజనీరు కాదు, మిల్లుల యంత్రాలు చేసే, బాగుచేసే పనివాడు. దారిలో ఇర్వెల్ నది అడ్డం వస్తే నది మీదుగా అక్విడక్టు కట్టి కాలువను దాటించారు. కోనసీమలో గన్నవరం అక్విడక్టు చూసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది.

అంతకు ముందు బొగ్గు గుర్రాల వీపు మీద వచ్చేది. ఒక గుర్రం క్వింటాలు పైచిలుకు మోయగలదు. అదే గుర్రం గట్టు మీద నడుస్తూ తాడుతో పడవను లాగితే 25 నుంచి 30 టన్నులు కదులుతాయి. మాంచెస్టరులో బొగ్గు ధర సగానికి పడిపోయింది. ఇక వ్యాపారులందరి కళ్లూ కాలువల మీద పడ్డాయి.

1766లో ట్రెంట్, మెర్సీ నదులను కలిపే కాలువకు పని మొదలైంది. తొలి గడ్డపార వేసినవాడు పింగాణీ పాత్రల వ్యాపారి జోసయా వెడ్జ్‌వుడ్. బండి మీద వెళ్తే పగిలిపోయే పింగాణీ, నీటి మీద భద్రంగా వెళ్తుందని ఆయన ఆశ. ఈ కాలువకు హేర్‌కాజిల్ కొండ అడ్డం వచ్చింది. కొండ కింద దాదాపు 2.6 కిలోమీటర్ల సొరంగం తవ్వాలి. సొరంగం వెడల్పు పెరిగేకొద్దీ ఖర్చు పెరుగుతుంది. లాకు పెద్దదయ్యేకొద్దీ, పడవ దాటిన ప్రతిసారీ పైనుంచి కిందికి పోయే నీళ్లు పెరుగుతాయి. అందుకని లాకును సుమారు 72 అడుగుల పొడవు, 7 అడుగుల వెడల్పుకు కుదించారు. లాకు కొలత పడవకు కొలత అయింది. అలా డబ్బు, నీళ్లు మిగిల్చుకోవడానికి వేసిన లెక్క, తర్వాత రెండు వందల ఏళ్లు మనుషులు ఎంత చోటులో బతకాలో నిర్ణయించింది.

సొరంగం పూర్తయి కాలువ తెరుచుకునేసరికి 1777 వచ్చింది. బ్రిండ్లీ 1772లోనే చనిపోయాడు. సొరంగంలో గుర్రం నడవడానికి గట్టు లేదు. గుర్రాన్ని విప్పి కొండ మీదుగా నడిపించుకుపోయేవారు. పడవలో మనుషులు వెల్లకిలా పడుకొని, కాళ్లతో సొరంగం గోడలను నెడుతూ ఆ చీకట్లో ముందుకు సాగేవారు. పెద్ద పేర్లు పుస్తకాల్లో ఉన్నాయి. పారతో, పలుగుతో తవ్వినవాళ్ల పేర్లు లేవు. జలమార్గాన్ని నావిగేషన్ అంటారు కాబట్టి వాళ్లను నావిగేటర్లు అన్నారు, ఆ మాట అరిగి ‘నావీ’ అయింది. ఇంగ్లండులో మట్టిపని చేసే కూలీకి ఇప్పటికీ అదే పేరు.

1790 నాటికి ట్రెంట్, మెర్సీ, సెవర్న్, థేమ్స్ నదులు నాలుగూ కాలువలతో కలిశాయి. బొగ్గు, ఇనుము, పింగాణీ, ధాన్యం, పత్తి వాటి మీద నడిచాయి. ఆ పత్తిలో చాలా భాగం అమెరికాలో బానిసలు పండించినది. కాలువ నీళ్లు ఎంత ప్రశాంతంగా కనిపించినా, దాని మీద నడిచిన సరుకులో ఎందరి చెమటో ఉంది.

పడవే ఇల్లయిన కాలం

మొదట్లో పడవవాళ్లలో చాలామందికి ఒడ్డున ఇళ్లుండేవి. మగవాళ్లు పడవ మీద వెళ్లి వచ్చేవారు. 1830 తర్వాత రైళ్లు విస్తరించాయి. రైలుతో పోటీకి కాలువ కంపెనీలు, పడవ యజమానులు రేట్లు తగ్గించారు. ఆ తగ్గింపు భారం పడవవాడి కూలి మీద పడింది. ఇంటి అద్దె కట్టలేక, పనివాడికి కూలి ఇవ్వలేక, భార్యాపిల్లలను పడవలోకి తెచ్చుకున్నాడు. అద్దె మిగిలింది. భార్య, పిల్లలు జీతం లేని పనివాళ్లయ్యారు.

పడవలో ఎక్కువ భాగం సరుకుకే. వెనుక భాగంలో సుమారు పది అడుగుల పొడవు, ఏడడుగుల లోపు వెడల్పు ఉన్న చిన్న గది. ఒక పక్క బొగ్గు పొయ్యి. అలమర తలుపు కిందికి దించితే భోజనం బల్ల, ఇంకో తలుపు దించితే పడక. తల్లి, తండ్రి, పిల్లలు అందులోనే. తర్వాత ఇంజను పడవలు వచ్చాక, ఒక ఇంజను పడవ వెనుక ఇంకో పడవను కట్టి లాగేవారు. వెనుక పడవ చుక్కాని తరచు తల్లి చేతిలో ఉండేది. ఒక చేత్తో చుక్కాని, ఒక కన్ను పొయ్యి మీద, ఒక కన్ను పిల్లల మీద. పసిబిడ్డ నీళ్లలో పడకుండా తాడుతో కట్టి ఉంచేవారు. కాస్త ఎదిగిన పిల్లలు గుర్రం నడిపేవారు, ముందుగా పరుగెత్తి లాకులు సిద్ధం చేసేవారు.

అంత ఇరుకులోనూ వాళ్లు అందం పెంచుకున్నారు. తలుపుల మీద, నీళ్ల డబ్బాల మీద గులాబీలు, కోటల బొమ్మలు వేసుకున్నారు. గోడలకు అంచుల్లో చిల్లులున్న పింగాణీ పళ్లేలు, ఇత్తడి గుండీలు, లేసు తెరలు. ఇత్తడిని రోజూ తళతళలాడేలా తోమేవారు. ఇల్లు ఎంత చిన్నదైనా అలుకు, ముగ్గు తప్పనివ్వని మన తల్లులకు దీని విలువ వేరే చెప్పక్కర్లేదు.

ఒడ్డున ఉన్నవాళ్లు మాత్రం వాళ్లను ‘బార్జీలు’ అనీ, మురికివాళ్లనీ పిలిచారు. ఆ పేరు వాళ్లకు నచ్చేది కాదు. తమను ‘పడవవాళ్లం’ అని చెప్పుకునేవారు. అలాగే ఏ పనీ లేకుండా గట్టు మీద నిలబడి పడవల వంక చూస్తూ ఉండే జనానికి కాలువ మీద ఒక పేరుంది: ‘గాంగూజ్లర్లు’. చూడబడేవాళ్లు చూసేవాళ్లకు పెట్టిన పేరు అది. బయటివాళ్లు పెట్టిన పేర్లతో వందేళ్లుగా ఇబ్బంది పడుతున్న మనకు, ఈ చిన్న మాటలో ఉన్న ఆత్మగౌరవం అర్థమవుతుంది.

మేలు కోరినవాడి కలం

1875లో జార్జ్ స్మిత్ అనే ఆయన కాలువ జనం గురించి ఒక పుస్తకం వేశాడు. ఆయన్ని కోల్‌విల్ జార్జ్ స్మిత్ అంటారు. చిన్నతనంలో, ఏడేళ్లకే, ఇటుక బట్టీలో పని చేసినవాడు. ఇటుక బట్టీల్లో పిల్లల చేత పని చేయించడాన్ని అదుపు చేసే చట్టం 1871లో రావడానికి ఆయన పోరాటం ముఖ్య కారణం. తర్వాత పడవల్లోని పిల్లల వైపు చూశాడు. ఆయన ఒత్తిడితోనే 1877లో కాలువ పడవల చట్టం వచ్చింది. అందులో లోపాలున్నాయని పోరాడితే 1884లో సవరణ వచ్చింది, తనిఖీ అధికారులు వచ్చారు.

ఆ చట్టం ప్రకారం మనుషులు నివసించే ప్రతి పడవనూ రిజిస్టరు చేయాలి. గదిలో ఎంతమంది ఉండవచ్చో లెక్క ఉంది. పన్నెండేళ్లు దాటిన ఒక్కొక్కరికి 60 ఘనపుటడుగుల గాలి చోటు, అంతకన్నా చిన్నవాళ్లకు 40. పిల్లలు బడికి వెళ్లాలి. పడవ ఏ ఊళ్లో రిజిస్టరైందో ఆ ఊరే ఆ పిల్లల సొంత ఊరుగా లెక్క.

ఇక్కడే చిక్కు వచ్చింది. పడవ ఈ రోజు ఒక ఊళ్లో, రేపు ఇంకో ఊళ్లో. రిజిస్టరులో పేరున్న ఊరికి పడవ నెలల తరబడి రాకపోవచ్చు. పేరు ఒక చోట, పిల్ల ఒక చోట. సరుకు దించే రేవులో ఒకటి రెండు రోజులు ఆగితే, ఆ పూట దగ్గరున్న బడికి పంపేవారు. అక్కడ పదేళ్ల పిల్లను అక్షరాలు రావని పసిపిల్లల పక్కన కూర్చోబెడితే ఆ పిల్లకు ఎలా ఉంటుంది? వాళ్లలో చాలామంది చదవడం రాయడం రాకుండానే పెద్దయ్యారు. అలాగని తెలివి లేనివాళ్లు కాదు. వందల కిలోమీటర్ల కాలువ, ప్రతి వంతెన, ప్రతి మలుపు, ఏ లాకు తలుపు బిగుసుకుంటుందో అన్నీ మనసులో ఉండేవి.

స్మిత్ చేసిన మేలును తక్కువ చేయకూడదు. కానీ ఆయన కలం గురించి ఒక మాట చెప్పుకోవాలి. చట్టం తేవాలంటే పెద్దమనుషులకు కోపమో జాలో రావాలి. అందుకోసం ఆయన పడవవాళ్లను తాగుబోతులుగా, దేవుడెరగని మొరటువాళ్లుగా చిత్రించాడు. వాళ్ల సంఖ్యను కూడా బాగా పెంచి చెప్పాడని తర్వాతి చరిత్రకారులు తేల్చారు. కూలి ఎందుకు తగ్గింది, కుటుంబం పడవలోకి ఎందుకు రావలసి వచ్చింది అన్న ప్రశ్న కన్నా, వాళ్ల నడవడి మీదే ఎక్కువ చూపు పెట్టాడు. తర్వాత జిప్సీల గురించి కూడా అదే తీరులో రాశాడు. మేలు కోరేవాడు కూడా మనల్ని చిన్నచేసి చూపించవచ్చు. మన గూడేల గురించి దొరలు, అధికారులు, మిషనరీలు రాసిన పాత పుస్తకాలు చదివేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. అందులోని సమాచారం తీసుకోవాలి, ఆ చూపును మాత్రం ప్రశ్నించాలి.

బడి కాలువ మీదికి వచ్చింది

పిల్లలు ఒక చోట ఉండనప్పుడు ఏం చేయాలి? దీనికి ఇంగ్లండులో రెండు రకాల జవాబులు వచ్చాయి. ఒకటి, బడి ఈడు పిల్లలను పడవలో ఉండనివ్వకూడదన్నది. 1929లో అలాంటి బిల్లు పార్లమెంటు ముందుకు వచ్చింది గానీ చట్టం కాలేదు. పిల్లల్ని దూరం చేసుకోవడానికి పడవ కుటుంబాలు ఒప్పుకోలేదు. రెండో జవాబు, పిల్లలున్న చోటికే బడిని తీసుకుపోవడం. 1930లో లండనుకు పడమర వెస్ట్ డ్రేటన్ దగ్గర ఎల్స్‌డేల్ అనే పాత పడవను బడిగా మార్చారు. సరుకు కోసం పడవలు ఆగినప్పుడు పిల్లలు ఆ పడవబడిలోకి వచ్చి కూర్చునేవారు. 1939లో ఆ పడవను బుల్స్ బ్రిడ్జ్ అనే చోటికి తరలించారు. కంపెనీ ఆర్డర్ల కోసం పడవలన్నీ ఆగే చోటు అదే.

వైద్యం సంగతి చెప్పాలంటే స్టోక్ బ్రూయర్న్ ఊళ్లో మేరీ వార్డ్ అనే నర్సును తలచుకోవాలి. అందరూ సిస్టర్ మేరీ అనేవారు. లాకు పక్కనే ఆమె ఇల్లు. కాన్పులు, గాయాలు, జ్వరాలు అన్నిటికీ పడవవాళ్లు ఆమె దగ్గరికే వచ్చేవారు. పడవ కదిలిపోయేలోపు వైద్యం అందాలి కాబట్టి, రాత్రనక పగలనక తలుపు తీసేది. 1951లో ప్రభుత్వం ఆమెకు పతకం ఇచ్చింది. 1962 దాకా ఆమె ఆ పని చేసింది.

మనలో ఉపాధ్యాయులైనవాళ్లకు ఈ రెండు ఉదాహరణలూ చాలా దగ్గరివి. మిరపకాయ కోతల కాలం రాగానే మన తరగతుల్లో ఖాళీలు కనిపిస్తాయి. తల్లిదండ్రుల వెంట పిల్లలు చేల దగ్గర గుడారాల్లో ఉంటారు. హాజరు పట్టీలో పేరు ఇక్కడ, పిల్ల అక్కడ. ‘రాలేదు’ అని గీత పెట్టడం తేలిక. ఎక్కడికి పోయిందో కనుక్కొని, అక్కడి బడితో మాట్లాడటం కష్టం. ఎల్స్‌డేల్ పడవ ఆ కష్టమైన పనే చేసింది.

సరుకు పోయింది, సెలవులు వచ్చాయి

రెండో ప్రపంచ యుద్ధంలో మగవాళ్లు తక్కువైనప్పుడు, చదువుకున్న పట్టణ యువతులు కొందరు శిక్షణ పొంది సరుకు పడవలు నడిపారు. ఇన్‌లాండ్ వాటర్‌వేస్ అనే మాటల్లోని ఐ, డబ్ల్యూ అక్షరాలు వాళ్ల బ్యాడ్జి మీద ఉండేవి. వాటిని చూసి ఎవరో ‘ఐడిల్ విమెన్’, అంటే సోమరి ఆడవాళ్లు, అని వేళాకోళం చేశారు. నిజానికి వాళ్లు ఒళ్లు విరిగేలా పని చేశారు. తర్వాత వాళ్లలో సుసాన్ వుల్‌ఫిట్, ఎమ్మా స్మిత్ పుస్తకాలు రాశారు. మంచి పుస్తకాలే. అయితే ఒకటి గమనించాలి. కొద్దికాలం పడవ నడిపినవాళ్ల పుస్తకాలు వచ్చాయి. తరతరాలు నడిపిన తల్లుల చేతికి కలం అందలేదు.

1939లో టామ్ రోల్ట్ అనే ఇంజనీరు క్రెస్సీ అనే పడవలో కాలువల మీద తిరిగాడు. ఆ ప్రయాణం గురించి 1944లో వచ్చిన ‘న్యారో బోట్’ పుస్తకం చాలామందిని కదిలించింది. దాని ఊపుతోనే 1946లో కాలువల రక్షణకు ఒక సంఘం పుట్టింది. 1948లో కాలువలు ప్రభుత్వపరమయ్యాయి. లారీలు పెరిగాయి. 1962 చివర మొదలైన గడ్డు చలికి కాలువలు మంచుగడ్డలై నెలల పాటు పడవలు కదల్లేదు. పోయిన సరుకు మళ్లీ కాలువ మీదికి రాలేదు. 1970లో లండను దగ్గరి ఒక జామ్ ఫ్యాక్టరీకి బొగ్గు మోసే పని ఆగిపోయింది. దాంతో దూరప్రాంతాలకు కుటుంబాలు నడిపే సరుకు రవాణా దాదాపు ముగిసింది.

1968 రవాణా చట్టం కొన్ని కాలువలను సరుకుకు, కొన్నింటిని విహారానికి అని విడదీసింది. విహారం కూడా ప్రజలకు అవసరమేనని చట్టం ఒప్పుకోవడంతో పూడిపోవలసిన కాలువలు బతికాయి. స్వచ్ఛందంగా వచ్చిన వేలమంది బురద తీసి, లాకులు బాగుచేశారు. ఇప్పుడు ఇంగ్లండు, వేల్సులలో సుమారు 3,200 కిలోమీటర్ల జలమార్గాలను 2012 నుంచి ఒక ట్రస్టు చూస్తోంది. వాటి మీద 30 వేలకు పైగా పడవలున్నాయి. ఇళ్ల అద్దెలు భరించలేక మళ్లీ పడవల్లో కాపురం పెట్టినవాళ్లూ వాటిలో ఉన్నారు. స్థిరమైన రేవు లేనివాళ్లు 14 రోజులకు మించి ఒక చోట ఉండకూడదని 1995 చట్టం. వాళ్ల పిల్లల బడి ప్రశ్న మళ్లీ మొదటికే వచ్చింది.

ప్రయాణాన్ని ఎలా లెక్క వేస్తారు?

ఇక ఆ వేసవి యాత్ర ఎలా వేసుకుంటారో చూద్దాం. తరగతిలో లెక్కకు కూడా పనికొస్తుంది. వెళ్లిన దారినే తిరిగి రాకుండా, కాలువల మీద చుట్టూ తిరిగి బయల్దేరిన చోటికే చేరే మార్గాలను అక్కడ ‘రింగు’ అంటారు. ‘నాలుగు కౌంటీల రింగు’ పేరున్నది. 110 మైళ్లు, అంటే సుమారు 177 కిలోమీటర్లు, 94 లాకులు. పడవవాళ్ల లెక్క ఏమిటంటే మైళ్లు, లాకులు రెండూ కూడాలి. 110, 94 కలిపితే 204. గంటకు మూడు నుంచి నాలుగు చొప్పున దాటుతారు. అంటే 51 నుంచి 68 గంటలు. రోజుకు ఏడు గంటలు నడిపితే దాదాపు ఎనిమిది నుంచి పది రోజులు. వారంలో ముగించాలంటే రోజుకు ఏడు గంటలకు పైనే కష్టపడాలి. చిన్నపిల్లలు, ముసలివాళ్లు వెంట ఉంటే ఇంత పెద్ద రింగు పెట్టుకోరు.

లాకుల దగ్గర కుటుంబం పని పంచుకోవాలి. ఒకరు పడవలో చుక్కాని దగ్గర, ఇద్దరు గట్టు మీద. విండ్‌లాస్ అనే ఇనుప పిడితో చిన్న షట్టర్లు ఎత్తి నీళ్లు వదలాలి. రెండు పక్కలా నీటిమట్టం సమానమయ్యేదాకా తలుపు కదలదు. ఎంత తోసినా కదలదు. దిగేటప్పుడు పడవ వెనుక భాగం లాకు గడప మీద చిక్కుకోకుండా చూసుకోవాలి, చిక్కుకుంటే పడవ ఒరిగి మునుగుతుంది. ఈ రింగులోనే వీలక్ నుంచి హేర్‌కాజిల్ దాకా ఏడు మైళ్లలో 26 లాకులున్నాయి. ఆ ఎత్తుకు పడవవాళ్లు ‘గుండె పగిలే కొండ’ అని పేరు పెట్టారు. పైకెక్కాక టెల్‌ఫర్డ్ 1827లో పూర్తిచేసిన రెండో సొరంగం గుండా వెళ్తారు. పాత సొరంగం నోరు పక్కనే మూసుకుపోయి కనిపిస్తుంది.

ఎండాకాలానికి వేరే జాగ్రత్తలున్నాయి. ఒక్కసారి లాకు తెరిస్తే సుమారు లక్ష లీటర్ల నీళ్లు కిందికి పోతాయి. ఆ నీళ్లు కొండల మీది రిజర్వాయర్ల నుంచి రావాలి. వానలు లేక అవి తగ్గితే కొన్ని లాకులకు వేళలు పెడతారు, కొన్ని మూసేస్తారు. అందుకే బయల్దేరే ముందు ఏ దారి మూసి ఉందో చూసుకుంటారు, మారుదారి ఒకటి మనసులో పెట్టుకుంటారు. ఎదురుగా పడవ వస్తుంటే ఆగి, ఒకే లాకు నీటిని ఇద్దరూ వాడుకునేలా చూసుకోవడం మర్యాద.

కాలువ వేరు, నది వేరు. ఎవన్ రింగులాంటి దారుల్లో సెవర్న్, ఎవన్ నదుల్లోకి దిగాలి. కాలువలో నీళ్లు దాదాపు నిలిచి ఉంటాయి, మోకాలు దాటి నడుము లోతు ఉంటే ఎక్కువ. నదికి ప్రవాహం ఉంటుంది. ఎక్కడో పైన వాన పడితే ఇక్కడ నీళ్లు పెరుగుతాయి. అందుకని నదిలోకి దిగే ముందు నీటిమట్టం సూచించే రంగు పలకలు చూస్తారు. ఎరుపు ఉంటే ఆగిపోతారు, ఒకటి రెండు రోజులు పోయినా సరే. లంగరు, లైఫ్ జాకెట్లు సిద్ధం చేసుకుంటారు. సెలవు రోజులు అయిపోతున్నాయని నది ఆగదు.

మన గోదావరికి ఉన్న లంకె

ఈ కథ మన ఒడ్డుకు రాకుండా పోలేదు. ఆర్థర్ కాటన్ 1847లో మొదలుపెట్టి 1852 నాటికి ముగించిన ధవళేశ్వరం ఆనకట్ట కాలువలు సాగుకే కాదు, పడవలకూ కట్టినవే. రైళ్ల కన్నా జలమార్గం చవక అని ఆయన వాదించేవాడు. డెల్టా లాకులు ఇంగ్లండు లాకుల కుటుంబంలోవే.

1860లలో ఆ లెక్క భద్రాచలం పైకి వచ్చింది. అమెరికాలో అంతర్యుద్ధం వచ్చి మాంచెస్టరు మిల్లులకు పత్తి ఆగిపోయింది. నాగపూరు వైపు పండే పత్తిని గోదావరి మీదుగా కాకినాడ రేవుకు తేవాలనుకున్నారు. నదిలో మూడు చోట్ల రాతి అడ్డంకులున్నాయి. మొదటిది దుమ్ముగూడెం, రెండోది ఇంచంపల్లి దగ్గర. కోయల ఊళ్ల మధ్య, దుమ్ముగూడెంలో ఆనకట్ట, కాలువ, లాకులు కట్టారు. హేగ్ అనే అధికారి పని నడిపించాడు. ఖర్చు పెరిగి, యుద్ధం ముగిసి, పత్తి మళ్లీ అమెరికా నుంచి రావడంతో అవసరం తగ్గింది. 1871లో పథకాన్ని ఆపేశారు. మాంచెస్టరు అవసరానికి మొదలైంది, మాంచెస్టరు అవసరం తీరగానే ఆగింది. ఒడ్డునున్న కోయలకు ఏం కావాలన్నది ఆ పథకంలో ప్రశ్నే కాదు.

ఇప్పుడు మన నది మీద సరుకు పడవలు లేవు, విహార లాంచీలున్నాయి. పాపికొండలు చూడటానికి జనం వస్తారు. ఒడ్డున కొండరెడ్ల, కోయల ఊళ్లు వాళ్లకు దృశ్యంలో భాగం. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర, వరద గోదావరిలో విహార బోటు మునిగినప్పుడు, ప్రాణాలతో బయటపడిన 26 మందిని కాపాడటానికి ముందుగా పడవలేసుకొని వెళ్లింది ఆ ఒడ్డు గ్రామాల గిరిజనులే. ఏ సుడి ఎక్కడుందో, ఏ నీటిలో లాంచీ దిగకూడదో వాళ్లకు తెలుసు. కానీ యాత్రలు వేసే బల్ల దగ్గర వాళ్లకు చోటు లేదు. పోలవరం ముంపుతో ఆ ఊళ్లలో చాలా వాటిని ఖాళీ చేయించి కాలనీలకు తరలించారు.

పడవవాళ్లకూ మనకూ తేడా ఉంది. వాళ్లు ఒక తెగ కాదు, ఒక పని చుట్టూ ఏర్పడిన జనం. పని పోతే సమూహం చెదిరింది. మనకు భాష ఉంది, అడవి ఉంది, దేవతలున్నారు, చట్టంలో హక్కులున్నాయి. అయినా ఒక విషయంలో వాళ్ల కథ మనకు హెచ్చరిక. వాళ్ల పడవలు ఎల్స్‌మియర్ పోర్టు మ్యూజియంలో రంగులతో భద్రంగా ఉన్నాయి. వాళ్ల సొంత మాటల్లో వాళ్ల బతుకు మాత్రం, చివరి తరాన్ని కొందరు కూర్చోబెట్టి రికార్డు చేసుకున్నంత మేరకే మిగిలింది.

మనకింకా సమయం ఉంది. నది దగ్గర పెరిగిన తాతలు, అవ్వలు ఇంకా ఉన్నారు. సరంగులుగా పనిచేసినవాళ్లు, దోనె తొలిచినవాళ్లు, వెదురు తెప్పలు కట్టి దిగువకు వదిలినవాళ్లు ఉన్నారు. మునిగిన రేవుల పేర్లు, రాళ్ల పేర్లు, సుడుల పేర్లు, ఏ నెలలో నీరు ఏ రంగులో వస్తుందో వాళ్లకు తెలుసు. యువకులు ఫోనులో వాళ్ల గొంతు రికార్డు చేయాలి, కోయ మాటను కోయ మాటగానే రాసుకోవాలి. ఉపాధ్యాయులు దుమ్ముగూడెం లాకుల దగ్గరికి పిల్లలను తీసుకెళ్లి కొలతలు తీయించాలి, ఎందుకు కట్టారో, ఎందుకు ఆపారో చెప్పాలి. లాంచీల్లో దారి చూపే ఉద్యోగం, యాత్రలు వేసే పని, వరదలో ఆపే అధికారం మన పిల్లలకు కావాలని గ్రామసభలో అడగాలి.

ఆ పని ఈ వేసవి సెలవుల్లోనే మొదలుపెట్టవచ్చు. ఒక నోటుబుక్కు, ఒక కలం, మన ఊరి రేవు దగ్గర కూర్చునే ఒక పెద్దమనిషి ఉంటే చాలు.